కొత్త స్కూటర్: మొదటి స్టార్ట్ నుంచి మొదటి సర్వీసు దాకా

గుంటూరులో ఆడవాళ్ళకు స్కూటర్ నేర్పడం నా పని. బండి కొనకముందే నేర్చుకుందామని వచ్చేవాళ్ళు తక్కువ. కొన్నాక, ఒకసారి గోడకు గుద్దుకున్నాక వచ్చేవాళ్ళే ఎక్కువ. ఎలా గుద్దుకున్నారని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "నడపలేదండీ, ఊరికే స్టార్ట్ చేశాను." వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నేను చూసినంతలో కొత్త బండికి మొదటి దెబ్బ తగిలేది రోడ్డు మీద కాదు, ఇంటి గేటు దగ్గర.

మా అన్నయ్యకు కొత్తపేటలో మెకానిక్ షెడ్డు ఉంది. ఇంజిన్ సంగతులు నాకు అక్కడే తెలిశాయి. ఆయన బాధ ఇంకోటి. కొత్త ఇంజిన్‌ను మొదటి నెలలోనే మొరటుగా వాడేసి, రెండేళ్ళు తిరక్కుండానే పొగ వస్తోందని, పికప్ పోయిందని తీసుకొస్తారట. ఆయన గోలకూ నా గోలకూ మూలం కుడి మణికట్టే. యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా తిప్పడం, అవసరమైనప్పుడు వెంటనే వదలడం ఆ చేతికి అలవాటైతే మనిషీ పడదు, ఇంజినూ పాడవదు. ఇక్కడ చెప్పేది 110, 125 సీసీ పెట్రోలు స్కూటర్ల గురించి: యాక్టివా, జూపిటర్, యాక్సెస్ లాంటివి. ఏ మోడలైనా బండితో పాటు ఇచ్చే పుస్తకంలో వేరే అంకె ఉంటే నా మాట పక్కనపెట్టి పుస్తకాన్నే నమ్మండి.

షోరూమ్‌లో

తాళం చేతికి రాగానే ఫొటో దిగి బయలుదేరాలని అందరికీ ఉంటుంది. ఓ పావుగంట ఆగండి.

కాగితాల్లో ఫారం 21 అనే అమ్మకపు ధ్రువపత్రం ఉంటుంది. బండి ఏ నెలలో, ఏ సంవత్సరంలో తయారైందో అందులో రాస్తారు. నెలల తరబడి గోడౌన్లో నిలిచిన బండి చెడ్డదని కాదు, కానీ దాని బ్యాటరీ నీరసించి ఉండవచ్చు, టైర్లలో గాలి తగ్గి ఉండవచ్చు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య కనిపిస్తుంది. 2325 అని ఉంటే 2025లో ఇరవై మూడో వారం తయారైన టైరని అర్థం.

గాలి కొట్టించకుండా షోరూమ్ దాటవద్దు. ఒక్కరు నడిపేటప్పుడు చాలా 110 సీసీ బండ్లకు ముందు 22, వెనక 29 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు ఇంకా ఎక్కువ కావాలి. మీ బండికి ఎంతో బండి మీదే స్టిక్కరు ఉంటుంది. దాన్ని మీరే చదివి, మీటరు మీరే చూడండి. గాలి కొట్టే కుర్రాడు అన్ని బండ్లకూ ఒకే లెక్కన కొట్టేస్తాడు.

ఇంకో మాట. డెలివరీ ఇచ్చే ముందు బండి తళతళలాడాలని టైర్లకు కూడా పాలిష్ రుద్దుతారు. కొత్త టైరు అసలే నున్నగా ఉంటుంది, దాని మీద జిడ్డు పూస్తే మొదటి మలుపులోనే జారుతుంది. పక్కగోడలకు రాస్తే రాయనివ్వండి. నేలకు ఆనే భాగం మాత్రం తడిగుడ్డతో తుడిపించండి. నేను నిలబడి తుడిపిస్తాను, వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

హెల్మెట్ అడగడానికి మొహమాటపడకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 ప్రకారం ద్విచక్ర వాహనం కొన్నప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాలి. అది మీ తలకు సరిపోకపోతే ఐఎస్ఐ గుర్తున్న ఇంకోటి కొనుక్కోండి, గడ్డం కింద పట్టీ పెట్టుకోండి. వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా ఉండే గార్డు కూడా నిబంధనల్లో ఉన్నదే. చూడటానికి బాగుండదని దాన్ని తీయించేవాళ్ళను చూశాను. తీయించవద్దు. ఇన్సూరెన్స్ కాగితంలో థర్డ్ పార్టీకి ఐదేళ్ళు ఉందో లేదో చూడండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అది తప్పనిసరి. మీ సొంత బండికి జరిగే నష్టానికిచ్చే పాలసీ మాత్రం చాలావరకు ఏడాదికే ఉంటుంది, ఆ తేదీ ఫోనులో గుర్తుపెట్టుకోండి.

షోరూమ్‌లో పోసే పెట్రోలు దగ్గరి బంకు వరకే వస్తుంది. దారిలో మొదటి బంకులోనే ఆపి రెండు మూడు లీటర్లు పోయించండి. మూత అంచు దాకా నింపించకండి, ఎండకు పెట్రోలు వ్యాకోచించడానికి కాస్త ఖాళీ ఉండాలి. ఖరీదైన ప్రీమియం పెట్రోలు ఈ ఇంజిన్లకు అక్కర్లేదు.

స్టార్ట్ చేయడం

నా క్లాసులో మొదటి గంటంతా దీనికే పోతుంది. చాలామందికి చిరాకొస్తుంది, "బటన్ నొక్కడానికి గంటా?" అంటారు.

గేర్ల బండికి న్యూట్రల్ ఉంటుంది, క్లచ్ ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నా మీరు క్లచ్ వదిలేదాకా బండి కదలదు. స్కూటర్‌కు న్యూట్రల్ లేదు, చేత్తో నొక్కే క్లచ్ కూడా లేదు. వెనక చక్రం దగ్గర ఒక గిన్నె లాంటి డ్రమ్ము, దాని లోపల స్ప్రింగులతో బిగించిన క్లచ్ షూలు ఉంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు స్ప్రింగులు షూలను లోపలికే లాగి ఉంచుతాయి. యాక్సిలరేటర్ తిప్పితే వేగం పెరిగి షూలు బయటకు విచ్చుకుంటాయి, డ్రమ్మును పట్టుకుంటాయి, చక్రం తిరుగుతుంది. మధ్యలో మిమ్మల్ని అడిగేది ఏమీ లేదు. ఇంజిన్ నడుస్తున్న స్కూటర్ అంటే గేర్లో ఉన్న స్కూటరే. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతావి వాటంతటవే వస్తాయి.

బండి ముందు ఏముందో మొదట చూసుకోండి. ఎదురుగా గోడ, తులసికోట, మెట్లు, ఇంకో బండి ఉంటే స్టార్ట్ చేయకండి. ఇంజిన్ ఆపి ఉండగానే బండిని తోసి, ముందు ఖాళీగా ఉన్న వైపుకు తిప్పుకోండి. సెంటర్ స్టాండు మీది నుంచి కూడా ఇంజిన్ ఆపి ఉండగానే దించాలి. స్టాండు మీద స్టార్ట్ చేసి తర్వాత దించే అలవాటు చాలామందికి ఉంది. స్టాండు మీద వెనక చక్రం గాలిలో ఉంటుంది. ఏ కాస్త వేగంగా తిరుగుతున్నా నేలకు తగలగానే బండి ముందుకు ఉరుకుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు వెనక బ్రేకు పట్టుకుని దించుతారు. కొత్తవాళ్ళు ఆ పని పెట్టుకోవద్దు.

ఎక్కి కూర్చోండి. రెండు పాదాలూ నేలకు ఆనించండి. సైడు స్టాండు పైకి లేపండి. చాలా కొత్త మోడళ్ళలో అది దిగి ఉంటే ఇంజిన్ స్టార్టే కాదు. ఎడమచేత్తో బ్రేకు పూర్తిగా నొక్కి పట్టండి. అప్పుడు తాళం తిప్పండి.

2020 ఏప్రిల్‌లో బండ్ల పొగకు సంబంధించిన బీఎస్ 6 నిబంధనలు వచ్చాక స్కూటర్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. తాళం తిప్పగానే మీటర్లో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతుంది, పెట్రోలు పంపు సన్నగా రొద చేస్తుంది. రెండు మూడు క్షణాల్లో రొద ఆగుతుంది, దీపం ఆరుతుంది. అది ఆరాకే బటన్ నొక్కాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఏదో లోపం ఉన్నట్టు, అలాంటప్పుడు సర్వీసు సెంటర్‌కు చెప్పాలి.

ఇక కుడిచెయ్యి. స్టార్ట్ చేసేటప్పుడు కుడిచేత్తో గ్రిప్పును బిగించి పట్టుకోకండి. నాలుగు వేళ్ళూ ముందు బ్రేకు మీద వేసి, బొటనవేలితో సెల్ఫ్ బటన్ నొక్కండి. వేళ్ళు బ్రేకు మీద ఉంటే మణికట్టు తిరగదు. యాక్సిలరేటర్ అస్సలు ఇవ్వకూడదు. పాత బండ్ల అలవాటుతో కొంచెం రేజ్ చేస్తూ నొక్కేవాళ్ళు ఉన్నారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి ఎంత పెట్రోలు కావాలో అదే చూసుకుంటుంది, మీ సాయం అక్కర్లేదు. ఇంజిన్ అందుకోగానే బటన్ వదిలేయండి. ఐదు సెకన్లలో అందుకోకపోతే తాళం ఆపి, పది సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించండి. బటన్ అదేపనిగా నొక్కి పడితే పాడయ్యేది బ్యాటరీయే.

స్టార్ట్ అయ్యాక అర నిమిషం అలాగే ఉండనివ్వండి. ఇంజిన్‌లోని నూనె పైదాకా చేరడానికి ఆ సమయం చాలు. వేడెక్కాలని పది నిమిషాలు నడుస్తూ వదిలేసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. అది రెండు రకాలుగా తప్పు. కొత్త ఇంజిన్‌కు నిలబెట్టి నడపడం మంచిది కాదు, ఎందుకో ముందు ముందు చెబుతాను. అపార్టుమెంటు సెల్లార్‌లో, మూసిన షెడ్డులో అయితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనుషులకు ప్రమాదం. దానికి వాసన కూడా ఉండదు.

కదిలించడానికి గ్రిప్పు పట్టుకునే తీరు ముఖ్యం. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడే మణికట్టు వేళ్ళ కణుపుల కంటే కాస్త కిందికి ఉండేలా పట్టుకోండి. అలా పట్టుకుంటే అమాంతం పూర్తిగా తిప్పడానికి చేతికి చోటుండదు. మణికట్టు పైకి లేపి పట్టుకుంటేనే ప్రమాదం. బండి ఉలిక్కిపడినట్టు కదులుతుంది, ఒళ్ళు వెనక్కి వాలుతుంది, వాలిన ఒంటితో పాటు చెయ్యి గ్రిప్పును ఇంకా వెనక్కి లాగుతుంది, బండి ఇంకా ఉరుకుతుంది. గోడకు గుద్దుకున్న ప్రతి ఒక్కరి కథా ఇదే. అందుకే ఇంజిన్ ఆపి ఉంచి ముందు వదలడం నేర్పుతాను: తిప్పు, వదులు, బ్రేకు. చెయ్యి ఆలోచించకుండా వదిలేదాకా అదే. తర్వాత ఇంజిన్ పెట్టి, ఎడమ బ్రేకును మెల్లగా వదులుతూ నడక వేగంలో పది అడుగులు, ఆపడం, మళ్ళీ పది అడుగులు.

వీటన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బండి పక్కన నిలబడి దాన్ని నడిపించకండి. గుంటూరులో సగం ఇళ్ళకు గేటు దగ్గర ఏటవాలు ర్యాంపు ఉంటుంది. నూరు కిలోలు దాటిన బండిని తోసి ఎక్కించడం కష్టమని, పక్కన నడుస్తూ కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి ఎక్కిస్తారు. ఒక్కోసారి అది వరండా దాటి హాల్లోకి కూడా వెళుతుంది. ఎక్కి కూర్చుని నడుపుతూ ఎక్కించండి, లేదంటే ఇంజిన్ ఆపి ఇంకొకరి సాయంతో తోయండి.

బండి ఆపాక తాళం తీసి, ఆ తర్వాతే దిగండి. కూరలు కొనేటప్పుడు బేరం చేస్తూ ఇంజిన్ నడుస్తుండగా సంచి హుక్కుకు తగిలిస్తుంటారు. సంచి పట్టీ గ్రిప్పుకు తగిలితే చాలు. ముందు నిలబడ్డ పిల్లవాడు బొమ్మ అనుకుని హ్యాండిల్ తిప్పినా అంతే. అసలు పిల్లలను ముందు నిలబెట్టడమే వద్దు. నాలుగేళ్ళ లోపు పిల్లలను నడిపేవారికి కట్టే పట్టీతో కూర్చోబెట్టి, హెల్మెట్ పెట్టి, 40 కిలోమీటర్ల వేగం దాటకుండా తీసుకెళ్ళాలని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. కొన్ని మోడళ్ళలో సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ తనంతట తాను ఆగిపోయి, యాక్సిలరేటర్ తగలగానే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. పెట్రోలు ఆదా అవుతుంది, మంచిదే. కానీ శబ్దం లేదు కదా అని బండి ఆగిపోయిందనుకుంటారు. చెయ్యి కుదిరేదాకా ఆ స్విచ్ ఆపి ఉంచండి.

ఇంటర్ చదివే పిల్లల కోసం బండి కొనేవాళ్ళకు ఒక్క మాట: పద్దెనిమిది నిండకుండా 110 సీసీ బండి నడపడానికి లైసెన్సు రాదు. పదహారేళ్ళకు వచ్చేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికే. పిల్లలు పట్టుబడితే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు.

పూజ రోజు

కొత్త బండిని మా వైపు చాలామంది పెదకాకాని శివాలయానికి తీసుకెళతారు. నేనూ నా బండిని అక్కడికే తీసుకెళ్ళాను. అక్కడ నిలబడి చూస్తే నాకు భక్తి కంటే భయం ఎక్కువ వేస్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, బండి చుట్టూ ఇంటిల్లిపాదీ, ఎదురుగా హారతిపళ్ళెంతో పూజారి. నడపడం రాని ఇంటావిడను ఎక్కించి "తొక్కించమ్మా" అంటారు. నిమ్మకాయ అడ్డు ఉంటుంది కాబట్టి బండి వెంటనే కదలదు. ఆవిడ ఇంకొంచెం తిప్పుతుంది. కాయ నలిగిన క్షణంలో బండి దూకుతుంది.

నిమ్మకాయలను ఇంజిన్ ఆపి తొక్కించవచ్చు. ఇద్దరు వెనక నుంచి తోస్తే సరిపోతుంది, శాస్త్రానికి లోటేమీ రాదు. ఎదురుగా మనుషులు ఉండకూడదు, పూజారి గారితో సహా. దండను హ్యాండిల్‌కు కట్టేటప్పుడు బ్రేకు లివర్ల మీదుగా, గ్రిప్పు మీదుగా చుట్టవద్దు. దారం బిగుసుకుంటే యాక్సిలరేటర్ వెనక్కి రాదు. దిష్టి తాడు కూడా ఎడమవైపో, కిందనో కట్టండి. ముందు డిస్క్ బ్రేకు ఉంటే ఆ పళ్ళేనికి పసుపు, నూనె, నెయ్యి తగలనివ్వవద్దు. హారతి ఇచ్చేటప్పుడు పెట్రోలు మూత తెరిచి ఉండకూడదు. కొబ్బరికాయ కొట్టాక చిప్ప పెంకులు ఏరిపారేశాకే బండి కదపండి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

ఫ్యాక్టరీలో సిలిండర్ లోపలి గోడ మీద కావాలనే సన్నని అడ్డగీతలు గీస్తారు. వాటిలో నూనె నిలుస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ గీతలకు రాసుకుంటూ, గోడ ఆకారానికి తగ్గట్టు కొద్దికొద్దిగా అరిగి సరిగ్గా అతుక్కుంటాయి. కొత్త రోలు కొన్నప్పుడు ముందు ఊకో తవుడో వేసి రుబ్బి, ఆ పిండి పారబోసి, తర్వాతే పప్పు వేస్తాం. ఇక్కడ జరిగేదీ అదే, పారబోసేది మొదటి ఇంజిన్ ఆయిల్. రింగులు అతుక్కోకపోతే నూనె పైకి ఎక్కి కాలుతుంది, పెట్రోలు పేలుడు ఒత్తిడి కిందికి జారుతుంది. పొగ, పికప్ లేకపోవడం, చివరికి బోరుకు రావడం, అంటే సిలిండర్ గోడ మళ్ళీ చెక్కించాల్సి రావడం, అన్నీ అందుకే.

రింగులను గోడకు నొక్కేది పైనుంచి వచ్చే ఆ ఒత్తిడే. ఇంజిన్‌కు పని ఏమీ చెప్పకుండా ఊరికే నడిపితే ఒత్తిడి చాలదు, గీతలు నున్నబడిపోయి రింగులు అతుక్కోవడం ఆగిపోతుంది. నిలబెట్టి నడపవద్దన్నది ఇందుకే. మరీ బలంగా పీకితే రాపిడి వేడికి గోడ దెబ్బతింటుంది. కాబట్టి మధ్యస్థంగా, మారుస్తూ నడపాలి. ఇరవై వేగంతో నెల రోజులు పాకించేవాళ్ళు బండిని కాపాడుతున్నామనుకుంటారు, కాపాడటం లేదు.

కంపెనీల పుస్తకాల్లో ఈ దూరం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్ని మొదటి 500 కిలోమీటర్లు అంటాయి, మరికొన్ని ముందు సగం యాక్సిలరేటర్, తర్వాత ముప్పాతిక అని 1600 దాకా లాగుతాయి. నేను నేర్చుకునేవాళ్ళకు చెప్పే లెక్క: 500 దాకా 45 వేగం దాటవద్దు, సగానికి మించి తిప్పవద్దు. 500 నుంచి 1000 దాకా 55, అప్పుడప్పుడూ కొన్ని సెకన్లపాటు 60 పోనిచ్చి మళ్ళీ తగ్గించవచ్చు.

మీటరు ముల్లు చూసుకుంటే చాలదు. స్కూటర్లో గేర్ల బదులు ఉండే బెల్టు, రోలర్లు వేగానికి తగ్గట్టు తామే సర్దుకుంటాయి. ఒక్కసారిగా పూర్తిగా తిప్పితే బండి ఇంకా పదిహేనులో ఉండగానే ఇంజిన్ మాత్రం గట్టిగా అరుస్తుంది. "నేను నలభై దాటలేదు" అని మా అన్నయ్యతో వాదించేవాళ్ళు వీళ్ళే. సిగ్నల్ పడగానే ఆటో కంటే ముందు వెళ్ళాలని మెలితిప్పితే నలభై దాటకపోయినా నష్టమే. చెవి పెట్టండి. ఇంజిన్ గొంతు ముందు లేచి, బండి తర్వాత అందుకుంటే ఎక్కువ తిప్పినట్టు; రెండూ కలిసి పెరిగితే సరిగ్గా తిప్పినట్టు.

దారి ఎంచుకోవడం కూడా మన చేతిలోనే ఉంది. విజయవాడ హైవే మొదటి నెలలో వద్దంటాను. వెడల్పు రోడ్డు, ఒకే వేగం, వెనక నుంచి లారీలు తరుముతుంటే తెలియకుండానే చెయ్యి తిరిగిపోతుంది. లాం, తాడికొండ మీదుగా అమరావతి రోడ్డు ఇందుకు బాగుంటుంది. ఊరు వస్తుంది, తగ్గిస్తాం. ఊరు దాటుతుంది, పెంచుతాం. గేదెలు అడ్డం వస్తే ఆగుతాం. ఇంజిన్‌కు కావలసిన మార్పులన్నీ ఆ రోడ్డే చెప్పి చేయిస్తుంది. తెనాలి రోడ్డు కూడా ఫరవాలేదు. మిర్చి సీజనులో యార్డు వైపు మాత్రం పోవద్దు, లారీల రద్దీకి తోడు ఘాటుకు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే కొత్తవాళ్ళు నడపలేరు. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఇద్దరు కూర్చుని ఎక్కడం మొదటి సర్వీసు అయ్యాకే.

ఈ కాలంలో వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదా అని అడుగుతారు. ఒకరిని ఎక్కించుకోవచ్చు, సమతలం రోడ్డు మీద. ముగ్గురు, ముందు గ్యాస్ బండ, వెనక బియ్యం బస్తా, ఇవి కొత్తబండికే కాదు, పాతబండికీ వద్దు. ఎండాకాలం మధ్యాహ్నం ఏకబిగిన ముప్పై కిలోమీటర్లు నడిపితే పది నిమిషాలు నీడన ఆపండి. ఈ ఇంజిన్లు చాలావరకు ఫ్యానుగాలితో చల్లబడేవే. కుడివైపు ఫ్యాను కవరు జాలీకి పాలిథిన్ సంచో, పూజ దండో అతుక్కుని గాలి ఆడకపోతే మీకు తెలియదు, కాబట్టి అప్పుడప్పుడూ వంగి చూడండి.

టైర్ల నునుపు పోవడానికి నూట యాభై కిలోమీటర్ల దాకా పడుతుంది. అప్పటిదాకా మలుపుల్లో వాలించవద్దు, వానలో, పేడ మీద, జీబ్రా గీతల తెల్లరంగు మీద బ్రేకు వేయవద్దు. బ్రేకు షూలు, ప్యాడ్లు కూడా కొత్తవే, కుదురుకోవడానికి కొంత దూరం కావాలి. ఖాళీ రోడ్డు మీద నలభై నుంచి పదికి మెల్లగా, పలుమార్లు తగ్గించడం మంచి పద్ధతి. 2019 నుంచి 125 సీసీ దాకా బండ్లకు కంబైన్డ్ బ్రేకు తప్పనిసరి కాబట్టి ఎడమ బ్రేకు నొక్కితే ముందు చక్రానికీ కొంత పడుతుంది. అలాగని కుడి బ్రేకు మరిచిపోకండి. రెండూ కలిపి నొక్కడమే ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవాలి.

మొదటి సర్వీసు

500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య, లేదా పుస్తకంలో రాసిన రోజులు, ఏది ముందైతే అది. "బండి తిరగనే లేదు, మూడు వందలే అయ్యాయి" అని వాయిదా వేయవద్దు. ఆలస్యమైతే వారంటీ దగ్గర పేచీ పెడతారు. లేబరు ఉచితం, ఆయిల్‌కు డబ్బులు తీసుకుంటారు. ఆ ఆయిల్ మార్చకుండా "టాపప్ చేశాం" అంటే ఒప్పుకోకండి. మొదటి ఆయిల్లోనే అరిగిన లోహపు పొడి అంతా ఉంటుంది.

డబ్బా మీద రెండు సంగతులు చూడండి. ఒకటి చిక్కదనం, చాలా స్కూటర్లకు 10డబ్ల్యూ-30. రెండోది జాసో ఎంబీ అనే గుర్తు. మోటారుసైకిల్లో క్లచ్ నూనెలోనే మునిగి ఉంటుంది కాబట్టి దానికి ఎంఏ రకం కావాలి. స్కూటర్ క్లచ్ పొడిగా వేరే చోట ఉంటుంది, దానికి రాపిడి తక్కువుండే ఎంబీ రకం. ఇంట్లో బైకుకు తెచ్చిన ఆయిల్ మిగిలిందని స్కూటర్లో పోస్తే ఇంజిన్ పోదు కానీ కాస్త బరువుగా నడుస్తుంది. స్కూటర్ ఆయిల్ బైకులో పోస్తే మాత్రం క్లచ్ జారుతుంది.

వెనక చక్రం దగ్గరి గేర్ ఆయిల్ సంగతి అడగండి, చాలామంది దాన్ని మరిచిపోతారు. నట్లు బిగించమనండి, ముఖ్యంగా సైలెన్సర్, హ్యాండిల్, చక్రాలవి. బ్రేకు లివర్ ఎంత లోపలికి పోయాక పట్టుకుంటోందో అక్కడే నొక్కి చూడండి. జాబ్ కార్డులో మీరు చెప్పినవన్నీ రాశాకే సంతకం చేయండి.

ఆ తర్వాత నెలకోసారైనా ఆయిల్ మీరే చూసుకోవచ్చు. బండి సమతలం మీద సెంటర్ స్టాండు వేసి, ఇంజిన్ ఆపి రెండు మూడు నిమిషాలు ఆగి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడాలి. చాలా బండ్లలో చూసేటప్పుడు పుల్లను స్క్రూలా తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నవాళ్ళకు ఇంజిన్ గొడవ లేదు కానీ టైర్లు, బ్రేకుల జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. స్టార్ట్ చేయడంలో వాళ్ళకే ఎక్కువ జాగ్రత్త కావాలి, శబ్దం లేకుండా సిద్ధంగా ఉంటుంది కాబట్టి. మీటర్లో రెడీ అన్న గుర్తు ఉందో లేదో చూడకుండా గ్రిప్పు ముట్టుకోకండి.

పొద్దున స్టార్ట్ కాకపోతే

కొత్తబండి మొరాయిస్తే చాలాసార్లు తప్పు బండిది కాదు. సైడు స్టాండు దిగి ఉందా, బ్రేకు పూర్తిగా నొక్కారా, ఇంజిన్‌ను ఆపే కిల్ స్విచ్ ఉంటే అది పొరపాటున ఆఫ్‌లో ఉందా, పెట్రోలు ఉందా, ఈ నాలుగూ ముందు చూడండి. బటన్ నొక్కితే టక్ మని శబ్దమొచ్చి ఊరుకుంటే, హారన్ కూడా నీరసంగా మోగితే బ్యాటరీ దిగిందని అర్థం. కిక్ ఉన్న బండి అయితే సెంటర్ స్టాండు వేసి, ఎడమ బ్రేకు పట్టుకుని, యాక్సిలరేటర్ ఇవ్వకుండా కిక్ కొట్టండి. చెప్పులతో కొట్టవద్దు, జారి పిక్కకు తగులుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి కిక్ కూడా సాయపడకపోవచ్చు, పెట్రోలు పంపుకు కరెంటు కావాలి.

అప్పుడు వీధిలో వాళ్ళు సాయానికొచ్చి తోస్తామంటారు. పాత చేతక్‌ను రెండో గేరులో వేసి తోస్తే స్టార్ట్ అయ్యేది, అది చూసినవాళ్ళు వాళ్ళు. ఈ స్కూటర్లో ఇంజిన్ తిరిగితేనే క్లచ్ పట్టుకుంటుంది, చక్రం తిప్పితే ఇంజిన్ తిరగదు. వాళ్ళకు థాంక్స్ చెప్పి, మెకానిక్‌కు ఫోన్ చేయండి.